గోల్డ్ అవార్డు ప్రాజెక్టు: తాతగారి ఊళ్ళో చేయాలా, మనం ఉంటున్న చోటే చేయాలా?

సుజాత (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచీ గర్ల్ స్కౌట్స్‌లో ఉంది, మిడిల్ స్కూల్లో సిల్వర్ అవార్డు అయిపోయింది, ఇప్పుడు గోల్డ్ అవార్డు గురించి ఆలోచిస్తోంది. ఇండియాలో ఉన్న సభ్యుల కోసం కాస్త వివరం: గర్ల్ స్కౌట్స్ అమెరికాలో 1912లో, జార్జియా రాష్ట్రంలోని సవానాలో జూలియట్ గోర్డన్ లో అనే ఆవిడ 18 మంది ఆడపిల్లలతో మొదలుపెట్టిన సంస్థ. హైస్కూలు పిల్లలకు అందులో అన్నిటికన్నా పెద్ద గుర్తింపు ఈ గోల్డ్ అవార్డు. సమస్యను అమ్మాయే ఎంచుకోవాలి, నలుగురిని కూడగట్టుకోవాలి, కనీసం 80 గంటలు పనిచేయాల్సి ఉంటుందని అంటారు.

మా మామగారిది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూలుకు మనవరాలి చేత కంప్యూటర్లు ఇప్పించాలని ఆయన కోరిక. మావారిదీ అదే మాట, సొంత ఊరికి ఏదో చేసినట్టు ఉంటుందని. అమ్మాయేమో ఇక్కడే ఏదైనా చేస్తానంటోంది. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. మీ పిల్లలు చేసి ఉంటే దయచేసి చెప్పండి. తల్లిగా నేను ఎంతవరకు కల్పించుకోవచ్చో కూడా చెప్పండి.

లక్ష్మి (కొలంబస్, ఒహాయో)

సుజాత గారూ, నేను ఇక్కడ గర్ల్ స్కౌట్స్ ట్రూప్ (పిల్లల బృందం) లీడర్‌ని. కంప్యూటర్లు కొనివ్వడం గోల్డ్ అవార్డు కింద నిలబడదండీ. గర్ల్ స్కౌట్‌గా ఉంటూ ఇంకో సంస్థ కోసం చందాలు వసూలు చేయడానికి వీల్లేదు. పైగా వస్తువులు పోగుచేసి ఇచ్చేస్తే అది విరాళం. వీళ్ళు అడిగేది వేరు. సమస్య ఎందుకు పుట్టిందో దాని మొదలు పట్టుకోవాలి. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక కూడా ఆ పని నడవాలి. ఎంత మార్పు వచ్చిందో కొలిచి చూపాలి. ఇక్కడి సమస్యకు దేశంలోనూ బయటా ఎక్కడ సంబంధం ఉందో చెప్పగలగాలి. అన్నిటికీ మించి నడిపించింది తానే అయి ఉండాలి.

పని మొదలుపెట్టక ముందే ప్రతిపాదన కౌన్సిల్‌కు, అంటే మీ ప్రాంతపు గర్ల్ స్కౌట్స్ ఆఫీసుకు, పంపి ఆమోదం తీసుకోవాలి. ఉత్సాహంలో ముందే పని చేసేసి తర్వాత కాగితాలు రాసుకుందామనుకునే పిల్లలు ఇక్కడే ఇబ్బంది పడతారు. ప్రాజెక్ట్ అడ్వైజర్‌గా అమ్మానాన్నలు పనికిరారు, ఆ విషయం తెలిసిన బయటి మనిషి కావాలి. గడువు పన్నెండో తరగతి పూర్తయిన ఏడాది సెప్టెంబరు 30 దాకా ఉంటుంది కనుక మీకు తొందరేమీ లేదు. సిల్వర్ ఉంది కాబట్టి ఒక జర్నీ (గర్ల్ స్కౌట్స్‌లో ఒక అంశం మీద దశలవారీగా చేసే కార్యక్రమం) పూర్తిచేస్తే చాలు, లేనివాళ్ళకైతే రెండు.

ఇండియాలో చేయకూడదని ఏమీ లేదు. కాని అమ్మాయి అక్కడ ఉండేది వేసవి సెలవుల్లో కొద్ది వారాలు. ఆ తర్వాత ఎవరు చూస్తారు? కౌన్సిల్ వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న అదే.

కిరణ్ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

కొంచెం కటువుగా చెబుతున్నాను, మన్నించండి. మా చుట్టుపక్కల నేను చూస్తున్నది ఇది. పిల్ల పేరు మీద నాన్న వెబ్‌సైటు కడతాడు, అమ్మ కరపత్రాలు వేయిస్తుంది, పిల్ల ఫొటోలో నిలబడుతుంది. కాలేజీ దరఖాస్తులు వెళ్ళిపోయాక ఆ వెబ్‌సైటును తెరిచి చూసేవాళ్ళు ఉండరు. ఆ ఫొటోల్లో మన ఊళ్ళ బడిపిల్లలు వరసగా నిలబడి ఉంటారు. వాళ్ళకేం కావాలో వాళ్ళను ఎవరైనా అడిగారా? నాకూ ఇద్దరు ఆడపిల్లలు. సేవ కాలేజీ సీటుకు మెట్టుగా మారిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీ అమ్మాయి ఇక్కడే చేస్తానంటోంది కదా, ఆ మాట వినండి సుజాత గారూ.

వినీల (ఎడిసన్, న్యూజెర్సీ)

నమస్తే. నాకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, రాయడం అంత రాదు. అమ్మ పక్కన కూర్చుని అక్షరాలు సరిచేస్తోంది. మాటలు నావే.

నేను గోల్డ్ అవార్డు పూర్తిచేశాను, ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. కిరణ్ అంకుల్ చెప్పినలాంటివి నేనూ చూశాను, కాని అందరూ అలా చేయరు. నా ప్రాజెక్టు మా కమ్యూనిటీకి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యల కోసం. విజిటర్ వీసా మీద వచ్చి నెలల తరబడి ఉంటారు. పగలు అందరూ ఆఫీసుకీ స్కూలుకీ వెళ్ళిపోతే ఇంట్లో వాళ్ళే, ఒక్కోసారి చంటిపిల్లతో ఒక్కరే. మా ఎదురింటి అమ్మమ్మగారికి ఒకరోజు షుగర్ పడిపోయింది. తాతగారు ఇక్కడి అత్యవసర నంబరు 911కి చేయలేదు, ఆఫీసులో ఉన్న కొడుక్కి చేశారు. ఆయన మీటింగులో ఉండి ఫోన్ ఎత్తలేదు. అదృష్టం, ఆవిడ కోలుకున్నారు. తర్వాత నేను తాతగారిని అడిగితే, "ఇంగ్లీషులో ఏం చెప్పాలమ్మా? పోలీసులొస్తే వీసాకి ఏమవుతుందో" అన్నారు.

నేను అప్పటిదాకా ఇది భాష సమస్య అనుకున్నాను. భయం ఇంకా పెద్దది. కాబట్టి ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టించడంతో మొదలుపెట్టలేదు. గుడిలో జరిగే సీనియర్ల సమావేశంలో 108 గురించి మాట్లాడాను. 108 అందరికీ తెలుసు, 2005లో హైదరాబాదులో మొదలైంది కదా. ఒక అమ్మమ్మగారు వాళ్ళ ఊళ్ళో 108 వచ్చి కోడల్ని పురుడుకు తీసుకెళ్ళిన సంగతి చెప్పారు. ఇక్కడ 911 కూడా అలాంటిదే, కాకపోతే పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడింటికీ ఒకటే నంబరు అని చెప్పాను. మా టౌన్ పోలీసు శాఖ నుంచి ఒక ఆఫీసర్‌ను పిలిచాం. సాయం పంపడానికి వీసా సంగతి అడగరని ఆయనే వాళ్ళ ఎదుట నిలబడి చెప్పారు. ఆ మాట నేను చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు.

తర్వాత నేర్పినవి చాలా తక్కువ. ముందు చిరునామా చెప్పాలి, ఫోన్ మధ్యలో కట్ అయినా ఎక్కడికి రావాలో వాళ్ళకు తెలుస్తుంది. తర్వాత "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి లైనులోనే ఉండాలి, దుబాసీని కలుపుతారు. దానికి కొంచెం సమయం పడుతుంది, ఆ నిశ్శబ్దంలో భయపడి ఫోన్ పెట్టేయకూడదు. పొరపాటున నొక్కితే కూడా పెట్టేయకుండా పొరపాటని చెప్పాలి. ఫోన్ లాక్‌లో ఉన్నా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. సిమ్ ప్లాన్ లేని మొబైల్ నుంచి కూడా అమెరికాలో 911 కలుస్తుంది, ఇది చాలామంది పిల్లలకే తెలియదు. ఇంటి చిరునామాను తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి, కింద వేసుకునే మందుల పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించాం. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఉత్తుత్తి ఫోన్లు చేయించాం. మొదట "తెలుగు" అన్న మాట కూడా గొంతులోంచి వచ్చేది కాదు. ముందోసారి, తర్వాత ఓసారి, ఒక్కొక్కరూ చిరునామా చెప్పగలుగుతున్నారా లేదా అని రాసుకున్నాను. కౌన్సిల్‌కు చూపిన కొలత అదే.

ఇప్పుడు ఆ క్లాసులు నేను తీసుకోవడం లేదు. సీనియర్ల గుంపులోని ఒక రిటైర్డ్ నర్సు గారు, మా తర్వాతి బ్యాచ్ అమ్మాయిలు ఇద్దరు నడుపుతున్నారు. సుజాత ఆంటీ, మీ రెండో ప్రశ్నకు: మా అమ్మ నన్ను కారులో దింపేది, గుడి కమిటీకి ఈమెయిల్ మాత్రం నేనే రాయాలనేది. జవాబు రాకపోతే మళ్ళీ నేనే రాయాలి. అప్పుడు కోపం వచ్చేది.

రమణమూర్తి (ఒంగోలు)

అమ్మా వినీలా, అమ్మమ్మగారిని 108 గురించి మాట్లాడించి ఆ తర్వాత 911కి రావడం ఉందే, అది మంచి ఉపాధ్యాయులు చేసే పని. ఆశీస్సులు.

నేను ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. సుజాత గారూ, మీ మామగారి ఆశ నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. నేను పనిచేసిన ఒక బడికి విదేశాల నుంచి కంప్యూటర్లు వచ్చాయి. కొంతకాలం బాగా నడిచాయి. తర్వాత యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయాయి, మార్చడానికి పద్దు లేదు, నేర్పే బోధకుడు బదిలీ మీద వెళ్ళిపోయాడు, గదికి తాళం పడింది. ఇచ్చినవారి మనసులో లోపం లేదు. ఇచ్చిన తర్వాత నడిపే మనిషి, మరమ్మతు డబ్బు, ఈ రెండింటి గురించి మాట్లాడుకోలేదు, అంతే.

ఇంకో బడిలో ఆడపిల్లలు చేసిన పని చెప్పాలి. మనకూ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉంది. 1950 నవంబరు 7న ఏర్పడింది, మరుసటి ఏడాది ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ అందులో కలిశారు. రాజ్య పురస్కార్, దానిపైన రాష్ట్రపతి అవార్డు ఉన్నాయి. మా బడి గైడ్స్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు ఆడపిల్లల గైరుహాజరు సంగతి పట్టుకున్నారు. మరుగుదొడ్లు ఉన్నాయి, నీళ్ళు లేవు. నెలసరి రోజుల్లో పిల్లలు ఇంటి దగ్గరే ఉండిపోతున్నారు. మగ హెడ్మాస్టరుతో ఆ మాట ఎవరు చెబుతారు? వాళ్ళు హాజరుపట్టీ తీసుకుని, పేర్లు రాయకుండా, తరగతుల వారీగా ఆ రోజులు లెక్కగట్టి సైన్సు టీచరమ్మ చేత నా బల్ల మీద పెట్టించారు. విద్యాహక్కు చట్టం కింద ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది కదా, ఆ సమావేశంలో ఒక పిల్ల లేచి తల్లుల ముందు ఆ కాగితం చదివింది. తండ్రులు తల వంచుకున్నారు, తల్లులు మాత్రం గట్టిగా అందుకున్నారు. పంచాయతీ పైపు బడిలోకి వచ్చింది.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో 7 నుంచి 12వ తరగతి దాకా ఆడపిల్లలకు నెలకు పది నాప్కిన్లు ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. మంచి పని. అయినా కడుక్కోవడానికి నీళ్ళు, వాడినవి పడేయడానికి చోటు లేని బడికి పిల్ల రాదు. అది ఆ పిల్లలకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

అనిత (నల్గొండ)

రమణమూర్తి సార్, పేర్లు రాయకుండ లెక్క తీసిన్రు చూడున్రి, గది నాకు మస్తు నచ్చింది. నేను ఆడపిల్లల సంఘాలతోటి పనిచేస్త. మా పిల్లలకు అవార్డుల్లేవు, గంటల లెక్క లేదు. వాళ్ళు చేసే పని పెండ్లిలు ఆపుడు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏండ్ల ఆడోళ్ళల్ల 18 నిండకముందే పెండ్లయినోళ్ళు తెలంగాణల 23.5 శాతం, ఆంధ్రల 29.3 శాతం. దేశం మొత్తం మీద 23.3. మన రెండు రాష్ట్రాలు దేశం సగటు కన్న ఎక్కువనే ఉన్నయి.

ఒక తండల జరిగింది చెప్త. పదో తరగతి పిల్ల వారం సంది బడికి వస్తలేదు. జ్వరమని టీచర్లకు చెప్పిన్రు. సంఘంల పిల్లలకు తెల్సు జ్వరం కాదని, ఇంట్ల సున్నాలు వేస్తున్రు. వాళ్ళు ముందుగాల పోలీసుల దగ్గరికి పోలే. అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి పోయిన్రు, ఆమెను తోలుకొని ఆ పిల్ల తల్లి దగ్గర కూసున్నరు. తల్లి ఏడ్చింది గాని తండ్రి వినలే. అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసిన్రు. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను చూసే శాఖ) వాళ్ళు వచ్చి 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం గురించి చెప్పి, 18 నిండేదాక పెండ్లి చెయ్యం అని ఇంటోళ్ళ తోటి రాయించుకున్నరు. పిల్లను కస్తూర్బా బడిల చేర్పించిన్రు.

అయినంక ఏమైందో కూడ చెప్పాలె. ఫోన్ చేసిన పిల్లలను వాళ్ళ ఇంట్లనే తిట్టిన్రు. "మీ పెండ్లి ఎవడు చేసుకుంటడు" అన్నరు. అందుకే నేను పేపరోళ్ళను దగ్గరికి రానియ్య. పెండ్లి ఆపిన పిల్ల ఫొటో పేపర్ల పడితే మనకు గొప్పగనే ఉంటది, ఆమెకు ఊర్ల బతుకుడు కష్టమైతది. 1098కి చేసినోళ్ళ పేరు బయటికి చెప్పరు. ఆ దాపు తీసేసే హక్కు మనకు లేదు.

కిరణ్ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

అనిత గారూ, మీరు రాసింది చదివాక ఒక ప్రశ్న అడగకుండా ఉండలేకపోతున్నాను. పదిహేనేళ్ళ పిల్లల మీద అంత భారం పెట్టడం న్యాయమేనా? ఆ పని చేయాల్సింది ప్రభుత్వం, టీచర్లు, మనం కదా?

అనిత (నల్గొండ)

న్యాయం కాదన్నా. నేను కూడ ఒప్పుకుంట. కాని పెండ్లి కుదిరిన ముచ్చట ముందుగాల తెలిసేది దోస్తులకే. మాకు తెలిసేసరికి పందిరేస్తరు. రాజస్థాన్‌ల హిన్స్‌లా అనే ఊర్ల పాయల్ జాంగిడ్ అనే పిల్ల పదకొండేండ్లకే తన పెండ్లిని కాదన్నది, తర్వాత అక్కడి పిల్లల పంచాయతీకి పెద్దయింది, 2019ల గేట్స్ ఫౌండేషన్ వాళ్ళు ఆమెకు గోల్‌కీపర్స్ పురస్కారం ఇచ్చిన్రు. ఆ పంచాయతీ వెనుక పెద్దోళ్ళున్నరు, ఊరి పంచాయతీ ఉన్నది. మన దగ్గర ఎం.వి. ఫౌండేషన్‌ల శాంతా సిన్హా మేడం వాళ్ళు కూడ ఊరు మొత్తాన్ని కూడగట్టినంకనే పిల్లలను పనిలనుంచి బడికి తెచ్చిన్రు. పిల్ల ముందట నడవాలె, ఆమె మీద రాయి పడకుండ మనం పక్కన నిలవడాలె. పక్కన ఎవరూ లేని పిల్లను నేను ముందటికి తోలను.

లక్ష్మి (కొలంబస్, ఒహాయో)

"పక్కన నిలబడటం" అన్నది మా ట్రూప్ తల్లులకు చదివి వినిపిస్తాను అనిత గారూ.

ఇంకో మాట. ఎనభై గంటలు అనగానే మన పిల్లలకు ఎనభై గంటల్లో లోకం మారాలన్న ఆత్రం వస్తుంది. ఇండోనేషియాలోని బాలి దీవిలో మెలాటీ, ఇసబెల్ అనే అక్కచెల్లెళ్ళు 2013లో, పన్నెండేళ్ళూ పదేళ్ళూ ఉన్నప్పుడు, ప్లాస్టిక్ సంచులు వద్దంటూ పని మొదలుపెట్టారు. సముద్ర తీరం శుభ్రం చేశారు, సంతకాలు సేకరించారు. గవర్నరు కలవకపోతే గాంధీగారి స్ఫూర్తితో పగటిపూట ఉపవాసానికి కూర్చున్నారు, ఆయన పిలిపించి మాట్లాడి హామీ పత్రం మీద సంతకం పెట్టారు. అయినా నిషేధం అమలులోకి వచ్చింది 2019లో, ఇంకో గవర్నరు వచ్చాక. ఆ ఆరేళ్ళలో చిన్నపిల్లలు కాస్తా పెద్దవాళ్ళయ్యారు. తీరంలో చెత్త ఏరడం దగ్గరే ఆగిపోకుండా, ఆ చెత్త ఎక్కడి నుంచి వస్తోందో అక్కడికి వెళ్ళారు చూడండి, గోల్డ్ అవార్డు అడిగే మూలకారణం అంటే అది.

సుజాత (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను, కొన్ని తనే అడిగి మళ్ళీ చదివించుకుంది. తను ఒక కాగితం పట్టుకుని మా వీధిలో ఉన్న పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళి, పగలు ఒంటరిగా ఉన్నప్పుడు ఏది కష్టంగా ఉందో అడిగి వస్తోంది. ఏం చేయాలో అది చూశాకే తేల్చుకుంటానంది. నేను ఏమీ సూచించడం లేదు. మామగారితో మావారు మాట్లాడారు. బడికి సాయం మేము కుటుంబంగా విడిగా చేస్తాం, ముందు అక్కడి హెడ్మాస్టరు గారిని ఏం కావాలో అడిగి, నడిపే ఖర్చు కూడా కలుపుకుని. రమణమూర్తి గారూ, ఆ విషయంలో మీతో విడిగా మాట్లాడతాను.

తేజస్విని (తిరుపతి)

నమస్తే అండి. నేను ఇంటర్ ఫస్టియర్. ఇక్కడ రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను.

తమిళనాడులోని తిరువణ్ణామలై మాకు మరీ దూరం కాదు. అక్కడి వినీషా ఉమాశంకర్ పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ వీధిలో ఇస్త్రీ బండి అతను కాలిన బొగ్గులు పారబోయడం చూసి, ఎండతో నడిచే ఇస్త్రీ బండి తయారుచేసింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడింది. హైదరాబాద్‌లో ఆకర్షణ సతీష్ చిన్నపిల్లగా ఉన్నప్పుడే, క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలు అడిగారని ఇరుగుపొరుగు దగ్గర పుస్తకాలు సేకరించి అక్కడే లైబ్రరీ పెట్టింది. 2023 సెప్టెంబరు మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ ఆ అమ్మాయి గురించి చెప్పారు. అప్పటికి ఏడు లైబ్రరీలట.

నాది అంత పెద్దది కాదు. పోయినేడు చూపు లేని ఒక అక్కకు పరీక్ష రాసిపెట్టడానికి వెళ్ళాను. ఆమె జవాబులన్నీ చెప్పగలదు, కాని చదువుకోవడానికి తెలుగు మీడియం పాఠాలు ఆడియోలో దొరకలేదంది. ఎవరో ఒకరు చదివి వినిపించాలి. మేము ఐదుగురు స్నేహితురాళ్ళం ఫోన్‌లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టాం. సెకండియర్ వస్తే ఈఏపీసెట్ ఉంది, మా ఇళ్ళల్లో ఒప్పుకోరు. వినీల అక్కా, ఆగిపోకుండా ఎలా?

వినీల (ఎడిసన్, న్యూజెర్సీ)

తేజూ, పెద్దది కాదు అనకు. నువ్వు చదివేటప్పుడు పాటించే పద్ధతి ఏదో ఉంటుంది కదా, అది కాగితం మీద రాయి. ఏ పాఠం ఎవరు చదివారు, ఏది మిగిలింది అని ఒక పట్టిక పెట్టు. అవి రెండూ ఉంటే కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చి మధ్యలో అందుకోవచ్చు. మీ కాలేజీ జూనియర్లలో ఇద్దరిని ఇప్పుడే కలుపుకో, పరీక్షలు దగ్గరపడ్డాక ఎవరూ రారు. ఇంకొకటి, ఆ అక్కనే మీ అడ్వైజర్‌గా పెట్టుకో. రికార్డింగు బాగుందో లేదో చెప్పాల్సింది తనే.

రమణమూర్తి (ఒంగోలు)

చిట్టితల్లీ, నా గొంతు ఇంకా బాగానే ఉంది. ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. మీ పట్టికలో నాకో పాఠం కేటాయించు.

తేజస్విని (తిరుపతి)

సార్, నిజంగానా! పదో తరగతి సాంఘికం ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు, అది మీదే. పద్ధతి ఇది: ముందు పాఠం పేరు, పేజీ నంబరు చెప్పాలి. ఒక్కో ఫైలు పది నిమిషాలు దాటకూడదు, పాత ఫోన్లలో పెద్దవి తెరుచుకోవు. పుస్తకంలో ఉన్నదే చదవాలి, మన వివరణ కలపాలనిపిస్తే అది విడి ఫైలులో పెట్టాలి. పట్టిక వస్తే అడ్డంగా చదవాలి, ప్రతి వరుసకూ శీర్షిక మళ్ళీ చెప్పాలి. మ్యాపులు మాత్రం వదిలేసి ఏ పేజీలో ఉన్నాయో రాసి పంపండి సార్. వాటిని ఎలా చెబితే అర్థమవుతుందో అక్కను అడిగి చేస్తున్నాం.